పేరు పెట్టి పిలిచిన అమ్మ

గుంటూరు వైపు వెళ్ళొచ్చానని చెప్పగానే మా విశాఖలో అందరూ ఒకటే అడుగుతున్నారు, ఆ కారం తట్టుకోగలిగావా అని. కారం సంగతి తర్వాత చెప్తాను. నేను వెళ్ళింది తినడానికి కాదు. ఒక ఇంట్లో ఏదో దాస్తున్నారని, అదేమిటో చూసి రమ్మని పంపితే వెళ్ళాను. ఇలాంటి పనులకు మా వాళ్ళు నన్నే పంపుతారు, ఎందుకంటే నాకు అనుమానం ఎక్కువ. పాలవాడు నవ్వుతూ పాలు పోస్తే ఆ రోజు నీళ్ళు ఎక్కువ కలిపాడేమో అని గిన్నెలోకి తొంగి చూసే రకం. సైన్యంలో సుబేదారుగా రిటైరైన మా ఆయన, నువ్వు నన్ను చూసినట్టు నేను శత్రువుని కూడా చూడలేదు అంటుంటారు.

మాదొక చిన్న సంఘం. సైనికుల భార్యలం, తల్లులం కలిసి నడుపుకుంటున్నాం. మగమనిషి సరిహద్దులో ఉంటే ఇక్కడ ఇంట్లో పనులు ఆగవు. ఆస్పత్రి పనుంటుంది, పిల్లల బడి పనుంటుంది, ఆఫీసులో నాలుగు బల్లల చుట్టూ తిరిగే పనుంటుంది. అలాంటప్పుడు పక్కన మరో మనిషి నిలబడితే సగం బరువు దిగుతుంది. మేం చేసేది ఆ నిలబడటమే.

ఫిబ్రవరిలో ఒక జవాను ఫోన్ చేశాడు. ప్రకాశం జిల్లా వాడు. అతని పేరు కోటేశ్వరరావు అనుకుందాం. ఇందులో పేర్లన్నీ నేను మార్చినవే, ఊరి పేరు అసలు రాయను. సైనికుడి ఇంటి దారి ఊరందరికీ చెప్పడం మాకు అలవాటు లేదు.

"మేడం, మా అమ్మకేదో అయింది. ఇంట్లో దాస్తా ఉన్నారు" అన్నాడు.

ఎలా తెలుసని అడిగాను.

"పోయిన ఆదివారం ఫోన్లో నన్ను పేరు పెట్టి పిలిచింది మేడం."

నాకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు.

"మా తాత పేరు నాకు పెట్టారు. మామగారి పేరు గదా, మా అమ్మ నోటితో అనదు. నేను పుట్టినకాడ్నించీ 'అబ్బాయ్' అనే పిలుస్తది. బళ్ళో చేర్చేటప్పుడు కూడా పక్కావిడ చేత నా పేరు చెప్పించిందంట. అట్టాంటిది 'ఒరే కోటేశ్వర్రావూ, అన్నం తిన్నావా' అంది. గొంతు దగ్గర దగ్గరగా ఉంది గానీ అది మా అమ్మ కాదు."

ఈ ఆచారం నాకు కొత్తేమీ కాదు. మా నాయనమ్మ కూడా తాతయ్య పేరు పలికేది కాదు. అదే పేరున్న కూరల బండి అబ్బాయిని "మా ఇంటాయన పేరువాడా" అని పిలిచేది. అందుకే జవాను మాట విన్నాక నా నవ్వు ఆగిపోయింది.

అతను చెప్పుకొచ్చాడు. చలికాలమంతా మంచు కొండ మీద పోస్టులో ఉన్నాడట, వారానికోసారి రెండు మాటలు మాట్లాడే వీలుండేదట. ఇప్పుడు కిందికి దిగాడు, సిగ్నల్ ఉంది, వీడియోలో అమ్మని చూపించమంటే భార్య ఫోన్లో కెమెరా పాడైందంటోంది. తండ్రి లేడు, తోడబుట్టినవాళ్ళు లేరు. ఊళ్ళో ఎవరికి చేసినా "మీ అమ్మ బాగానే ఉంది, నిన్ననే చూశా, పొలం పోతా ఉంది" అంటున్నారు. అందరిదీ అక్షరం పొల్లుపోకుండా అదే మాట.

"సెలవు రావడానికి ఇంకా టైముంది. అర్జెంటుగా కావాలంటే మా సాహెబుకి ఏమని చెప్పను మేడం, మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచిందనా?" అన్నాడు. "మా ఇంటిదాని మీద నాకు..." అని మింగేశాడు. "మా అమ్మ ఉందో లేదో, అదొక్కటి చూసి చెప్పండి."

గుంటూరు

రైల్లో నా పక్క సీటావిడ మంగళగిరి చీరలు కొనడానికి వెళ్తోంది. ఎక్కిన పది నిమిషాలకే డబ్బా తెరిచి కొబ్బరి లౌజు తీసుకోమంది. రైల్లో పరాయివాళ్ళిచ్చింది తిని మెడలో గొలుసు పోగొట్టుకున్నవాళ్ళ కథలు నాకు బోలెడు తెలుసు. షుగరుందని చెప్పాను. ఆవిడ ఒక్కతే తింటూ కూర్చుంది, ఏలకుల వాసన తాడేపల్లిగూడెం దాకా నన్ను వేధించింది. మంగళగిరిలో దిగేటప్పుడు, దారిలో నేను తాగిన టీ గుర్తుపెట్టుకుని, "షుగరున్నోళ్ళు టీలో పంచదార వేసుకోకూడదండీ" అని చెప్పి మరీ దిగింది.

గుంటూరులో దిగగానే ముక్కుకి తెలుస్తుంది. మిరపకాయల లారీలు వరసగా పోతున్న రోజులవి. లాడ్జి గుమాస్తా, వచ్చినవాళ్ళు మిర్చి యార్డు చూడకుండా పోరండీ అంటే ఆటో ఎక్కాను. ఆటో అతను చెప్పిన కిరాయి మీద నాకు అనుమానమొచ్చి యార్డు గేటు దగ్గర మరో ముగ్గురు ఆటోవాళ్ళని అడిగాను. ముగ్గురూ అంతకంటే ఎక్కువే చెప్పారు. యార్డులో ఎటు చూసినా ఎర్రటి బస్తాలు, గుట్టలు. పనివాళ్ళు ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఆ గుట్టల మీదే నడుస్తున్నారు. నేను మాత్రం ఒక కాయ విరిచి గింజలు చూసి, కాసేపయ్యాక అదే చేత్తో కన్ను తుడుచుకున్నాను. తర్వాత చూసిందంతా ఒంటికంటితోనే. ఒక హమాలీ నన్ను కుళాయి దగ్గరికి నడిపించి, "రుద్దమాకండి, నీళ్ళు కొట్టండి, రుద్దితే రేపటిదాకా ఉంటది" అన్నాడు. అతను నీళ్ళు కొడుతున్నంతసేపూ నా సంచీ రెండో చేత్తో గట్టిగా పట్టుకునే ఉన్నాను.

మధ్యాహ్నం మెస్సులో నూట ముప్పై రూపాయల భోజనం. మా వైపు పప్పులో కాస్త బెల్లం ముక్క పడుతుంది, పులుసులో అయితే తప్పకుండా పడుతుంది. ఇక్కడ తీపి అన్నదాని ఊసే లేదు. గోంగూర, పండుమిరపకాయ పచ్చడి, దోసకాయ పప్పు, మూడూ మూడు రకాలుగా మండాయి. వడ్డించే అతను నా కళ్ళల్లో నీళ్ళు చూసి అడక్కుండానే నెయ్యి వేశాడు, దానికి వేరే డబ్బు వేస్తాడేమో అనుకున్నాను. వేయలేదు. కన్ను మండుతూ, నాలుక మండుతూ లాడ్జికి చేరాను, అయినా ఆ పండుమిరపకాయ పచ్చడి మళ్ళీ ఎప్పుడు తింటానా అని ఇప్పటికీ అనిపిస్తోంది.

చిలకలూరిపేట మీదుగా

మర్నాడు బస్సు. రోడ్డుకి రెండువైపులా పత్తి తీసేసిన చేలు, ఎండిన మోళ్ళకి అక్కడక్కడా మిగిలిన తెల్ల పీచు. అవి దాటితే మిరప చేలు, చేల పక్కన కల్లాల్లో ఆరబోసిన కాయలు. మా వైపు కల్లమంటే ధాన్యం. ఇక్కడ నేలంతా ఎర్రగా కళ్ళు చెదిరేటట్టు ఉంది.

చిలకలూరిపేటలో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. చంకలో పురుగుమందు డబ్బా, తెల్ల పంచె. కూర్చోగానే మొదలుపెట్టాడు.

"ఏ ఊరమ్మా?"

"విశాఖపట్నమండీ."

"ఇటెవరింటికి?"

"బంధువులింటికి."

"ఏ ఊళ్ళో బంధువులు?"

నేను చీమకుర్తి అన్నాను. ఆయన నా వైపు పూర్తిగా తిరిగాడు. "చీమకుర్తిలో ఎవరు? రాయి పనోళ్ళా, వ్యవసాయమా? మా వియ్యపురాలి పుట్టిల్లు అదే. ఇంటి పేరు చెప్పు, తెలిసిపోద్ది."

మా వైపు కొత్త మనిషిని ఇలా నిలదీయరు, ముందు వాన గురించీ ఎండ గురించీ మాట్లాడి దారికి తెస్తారు. ఈయన అసలు దారి కూడా వేయలేదు. నోటికొచ్చిన ఇంటి పేరొకటి చెప్పాను. ఆయన ఆలోచించి, "ఆ ఇంటి పేరోళ్ళు చీమకుర్తిలో లేరే" అన్నాడు. ఇక అద్దంకి దాకా మాట్లాడలేదు, కానీ డబ్బా తీసి నాకు అందకుండా కాళ్ళ అవతలి వైపు పెట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి నన్నెవరో నేను అందరినీ చూసే చూపు చూశారు. ఒళ్ళు మండింది.

అద్దంకిలో టీ తాగాను. చిక్కగా, మా ఊరి టీ కంటే తియ్యగా ఉంది. ఇక్కడివాళ్ళు తీపంతా టీ కోసం దాచుకుంటారని అప్పుడు తెలిసింది.

చీమకుర్తి

నాకొక పద్ధతుంది. ఏ ఇంటికి వెళ్ళాలో ముందు ఆ ఇంటికి వెళ్ళను. చుట్టూ అడుగుతాను. చీమకుర్తిలో కోటేశ్వరరావు చిన్ననాటి స్నేహితుడు శ్రీను గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో పనిచేస్తాడు. వాళ్ళ ఊరు అక్కడికి దగ్గరే, రోజూ బండి మీద వచ్చి పోతుంటాడు.

చీమకుర్తిలో లారీ వెళ్ళేదాకా ఆగి రోడ్డు దాటుదామనుకుంటే సాయంత్రమవుతుంది. ఒక్కో లారీ మీద ఒక్కో నల్లరాయి, గది అంత ఉంది. తెల్లటి రాతి పొడి చెట్ల ఆకుల మీదా, టీ కొట్టు బల్ల మీదా, మనుషుల కనుబొమల మీదా ఉంది. కూలీల్లో చాలామంది ఉత్తరాది పిల్లలు. ఫోన్లలో వాళ్ళ భాషలో వాళ్ళ అమ్మలతో మాట్లాడుకుంటున్నారు. వీళ్ళ అమ్మలు నిజంగా అమ్మలేనా అని కూడా అనిపించింది నాకు, అప్పటికి నా బుర్ర అలా తయారైంది.

శ్రీను చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. కోటేశ్వరరావు వాళ్ళమ్మ ఆదెమ్మ గారు ఎలా ఉన్నారని మామూలుగా అడిగాను.

"బాగానే ఉందండీ. నిన్ననే చూశా. పొలం పోతా ఉంది" అన్నాడు.

అదే మాట.

"నిన్న పొలంలో ఏం పని చేస్తున్నారు?"

"మిరపకాయలు కోస్తా ఉంది."

"ఎవరి చేలో?"

"మీరెవరండీ ఇంతకీ?" అన్నాడు. చెప్పాను. అతని మొహం మారిపోయింది. "పోలీసులా?" అన్నాడు. కాదన్నాను. "నాకు పనుందండీ, మిషను ఆపొచ్చా" అని లోపలికి వెళ్ళిపోయాడు. కిటికీ అద్దంలోంచి చూస్తే ఫోన్ చెవికి పెట్టుకుని తొందర తొందరగా మాట్లాడుతున్నాడు. ఆ ఇంటికి నేను వెళ్ళేలోపు నా రాక కబురు వెళ్ళిపోయిందన్నమాట.

ఆ రాత్రి లాడ్జిలో అన్నీ కలిపి చూసుకున్నాను. ముసలావిడ పోయి ఉంటుంది. లేదా కోడలు ఎక్కడికో పంపేసి ఉంటుంది. ఊరు ఊరంతా కోడలి పక్షాన ఉందంటే ఆమె గట్టిదై ఉండాలి. అప్పటికే నా బుర్రలో ఆమె మీద కేసు నడిచి తీర్పు కూడా అయిపోయింది.

ఆ ఊరు

పొద్దున్నే ఆటోలో దిగాను. ఊరి మొదట్లోనే కల్లాలు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయల్లోంచి రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతున్నారు. నేను దారి అడిగితే అందరూ ఒకేసారి చేతులాపారు. ఒకావిడ చెయ్యి చూపించింది, మిగతావాళ్ళు నన్ను చూశారు. నేను మలుపు తిరిగేదాకా ఎవరూ మళ్ళీ పని మొదలుపెట్టలేదు.

చిన్న డాబా ఇల్లు. పక్కింటి అరుగు మీద కొత్త పరుపులు చుట్టి పెట్టి ఉన్నాయి, దూది ఏకిన వాసన. ఈ ఇంటి గేటుకి లోపలి నుంచి గొళ్ళెం వేసి ఉంది. వాకిట్లో ఒక పెద్దావిడ చేటతో మిరపకాయలు చెరుగుతోంది. అంత ఎండలో కొంగు మెడ చుట్టూ బిగించి కప్పుకుంది.

"ఎవరు కావాలండీ?"

"ఆదెమ్మ గారిల్లు ఇదేనా?"

ఆవిడ ఒకసారి ఇంట్లోకి చూసి, "నేనేనండీ ఆదెమ్మని" అంది.

మనిషి శుభ్రంగా ఉంది. చూపు తిన్నగా ఉంది. ఇంకొకరైతే హమ్మయ్య అనుకుని తిరిగిపోయేవారు. నేను ఎండలో నిలబడి నవ్వాను.

"నేను సరైన ఇంటికే వచ్చానా అని ఒక్క మాట అడుగుతానండీ. మీ అబ్బాయి పేరేమిటి?"

"కోటేశ్వర్రావండీ" అంది గడగడా.

చెప్పిన మరుక్షణం ఆవిడకే తెలిసింది. చెయ్యి నోటికి వెళ్ళింది, కొంగు జారింది, మెడలో నల్లపూసలు కనిపించాయి. జవాను తండ్రి పోయి ఏళ్ళయింది.

"ఆదెమ్మ గారెక్కడున్నారు?" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

లోపలి నుంచి ఒకమ్మాయి వచ్చింది. సన్నగా ఉంది, చేతులు మోచేతుల దాకా తడి. కోడలు సుజాత. నన్ను చూసి బెదరలేదు, గేటు తీయలేదు.

"శ్రీనన్న ఫోన్ చేశాడు లెండి. ఎవరు పంపారు మిమ్మల్ని?"

"మీ ఆయన."

ఆమె మొహంలో ఏదో కదిలి ఆగిపోయింది. "గుర్తింపేమన్నా ఉందా?"

సంఘం కార్డు ఇచ్చాను. గేటు కమ్మీల్లోంచి తీసుకుని, ఎండకి పెట్టి చూసి, వెనక్కి ఇచ్చేసింది. "కార్డులు ఎవరైనా కొట్టించుకుంటారండీ. పక్కూళ్ళో మీలాంటావిడే ఒకామె వచ్చి మిలటరీ ఆఫీసు నుంచొచ్చానని ముసలాయన చేత వేలిముద్రలేయించుకు పోయింది." తర్వాత కమ్మీలు పట్టుకుని, "మా ఆయన ఇప్పుడెక్కడున్నాడో చెప్పండి చూద్దాం" అంది.

"నాకు తెలియదు. తెలిసినా చెప్పకూడదు" అన్నాను.

సుజాత గొళ్ళెం తీసింది. పోస్టింగు ఊరి పేరు చెప్పి ఉంటే నన్ను తరిమేసేది. ఆ ఊరి పేరు బయటివాళ్ళతో అనకూడదని మొగుడు మొదటి సెలవులోనే చెప్పి ఉంటాడు. నాకూ మా ఆయన అలాగే చెప్పారు.

లోపలి గది

ఆదెమ్మ బతికే ఉంది. కిటికీ పక్కన మంచం మీద, వీపుకి దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. కుడివైపు అంతా పడిపోయింది. నోరు ఒక పక్కకి వాలింది. మాట లేదు. నన్ను చూసి ఎడమ చేత్తో దుప్పటి సర్దుకుంది.

పత్తి తీతలప్పుడు చేలోనే ఒరిగిపోయిందట. ఒంగోలు ఆస్పత్రిలో చాన్నాళ్ళుంచి తీసుకొచ్చారు. అప్పటికి కోటేశ్వరరావు మంచులో ఉన్నాడు.

నేను మాత్రం వెంటనే నమ్మలేదు. దగ్గర కూర్చుని వీపు చూశాను, పడక పుళ్ళున్నాయేమోనని. లేవు. గోళ్ళు చూశాను, కత్తిరించి ఉన్నాయి. తల నూనె రాసి దువ్వి ఉంది. దుప్పటి వాసన చూశాను. నేను చూస్తున్నానని సుజాత చూస్తోంది. చూడనిచ్చింది. "నోట్లో కూడా చూడండి" అంది. అప్పుడు సిగ్గేసింది.

పక్కింటి పెద్దావిడ పేరు మస్తాన్‌బీ. ఆమె భర్త పరుపులు కుడతాడు. ఇద్దరాడవాళ్ళూ కాపరానికొచ్చినప్పట్నుంచీ గోడకి చెరోవైపు. "మా ఇద్దరి గొంతూ ఒకటేనంటారు అందరూ. చిన్నప్పుడు వాడే నేను పిలిస్తే వాళ్ళమ్మ అనుకుని పరిగెత్తుకొచ్చేవోడు" అంది మస్తాన్‌బీ, మంచం అంచు మీద కూర్చుని. "ఆదివారం వాడు ఫోన్ చేస్తే నేను మాట్లాడతా. ఈమె నా చెయ్యి పట్టుకుని కూర్చుంటది. నేను ఎక్కువ తక్కువలు మాట్లాడితే గిల్లుద్ది."

"పేరు పెట్టి పిలిచినప్పుడు?"

"అప్పుడూ గిల్లింది. నోరు జారినాక గిల్లి ఏం లాభం. నాకు వాడెప్పుడూ కోటేశ్వర్రావేగా. బళ్ళో పేరు చెప్పింది కూడా నేనే."

ఆదెమ్మ నోటి పక్క నుంచి చిన్న శబ్దం వచ్చింది. నవ్వని తెలియడానికి నాకు కాస్త టైము పట్టింది.

"ఇంతకాలం ఎందుకు దాచావు?" అని సుజాతని అడిగాను.

"అత్తే వద్దంది. ఆస్పత్రిలో తెలివొచ్చిన రోజు ఫోన్ మోగితే ఆయనేనని తెలిసి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అక్కడ మంచుకి దార్లు మూసేశారు. దిగి రాలేనోడికి చెప్పి నేనేం చేస్తానండీ? అక్కడ చేతిలో తుపాకీ పెట్టుకుని మనసిక్కడుంటే మనిషేమైపోతాడు? ఊళ్ళో అందరికీ నేనే చెప్పా, అడిగితే ఇట్టా చెప్పండని."

"ఇప్పుడు కిందికి దిగాడుగా."

"దిగాడు. వచ్చే నెల వస్తాడు. వచ్చి చూస్తాడులే అనుకున్నా." ఆమె గొంతు తగ్గింది. "ఆయన మిమ్మల్ని చూసి రమ్మంది అత్తనేనా, నన్నా?"

అబద్ధమాడదామనుకున్నాను. కానీ ఆ ఇంట్లో అప్పటికే కావలసినన్ని ఉన్నాయి. "వాళ్ళమ్మ ఉందో లేదో చూడమన్నాడు. నీ మీద ఏదో అనబోయి ఆగాడు" అన్నాను.

సుజాత ఏడవలేదు. చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది, తడి ఎప్పుడో ఆరిపోయినా. నాకు ఆ అమ్మాయి మీద జాలి కలిగింది, దాంతోపాటు రాత్రి లాడ్జిలో నేను ఇచ్చుకున్న తీర్పు గుర్తొచ్చి నా మీద నాకే కోపమొచ్చింది.

నేను ఆదెమ్మ వైపు తిరిగాను. "అమ్మా, నన్ను క్షమించండి, ఉన్నమాట చెప్తున్నాను. మీ అబ్బాయి మీరు చచ్చిపోయారనుకుంటున్నాడు. ఎవరో మీ గొంతుతో మాట్లాడుతున్నారని తెలిసిపోయింది. ఇంకొక నెల అలా ఉండనిస్తారా?"

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. తర్వాత ఎడమ చెయ్యి దుప్పటి మీంచి లేచింది. వేలు ఫోన్ వైపు చూపించింది.

సుజాత, "వద్దత్తా, మొహం చూస్తే తట్టుకోలేడు" అంది. వేలు దిగలేదు.

నా ఫోన్‌తోనే చేశాను. కోటేశ్వరరావు మొహం కనిపించింది, మంచుకి కమిలి నల్లబడి ఉంది. వెనక రేకుల గది. నేనేమీ చెప్పకుండా ఫోన్ అటు తిప్పాను.

అతను "అమ్మా" అన్నాడు. ఆ వాలిన నోరు చూశాడు, చెయ్యి చూశాడు, అన్నీ అర్థమయ్యాయి. పెద్దగా ఏడ్చాడు, వెనక ఎవరో వచ్చి భుజం మీద చెయ్యి వేసి వెళ్ళడం కనిపించింది. ఆదెమ్మ ఎడమ చెయ్యి ఎత్తి ఫోన్ అద్దం మీద అతని మొహాన్ని తడిమింది. రెండుసార్లు లైను కట్టయింది, ఆవిడ వేలు తగిలి. రెండుసార్లూ మళ్ళీ చేశాను.

కాస్త తేరుకున్నాక, "పిన్నేది?" అన్నాడు. మస్తాన్‌బీ తల వంచుకుని ముందుకొచ్చింది. తిడతాడనుకుంది పాపం.

"పిన్నీ, వచ్చే ఆదివారం కూడా నువ్వే మాట్లాడు. అమ్మ నీ పక్కనుంటది. గిల్లితే నాకు కూడా చెప్పు."

మస్తాన్‌బీ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయింది.

"సుజాత ఏదండీ?" అన్నాడు.

సుజాత అప్పటికి వంటింట్లోంచి గిన్నె తెచ్చుకుని మంచం మీద అత్త ఎదురుగా కూర్చుంది. పప్పన్నం, జావలా మెత్తగా కలిపింది. ఫోన్ వైపు చూడలేదు.

"మీ అమ్మకి అన్నం టైమైంది బావా. ముందిది కానియ్యి. చూస్తా కూర్చో" అంది.

నేను ఫోన్ పట్టుకుని గోడకి ఆనుకున్నాను. ఆమె ఉసిరికాయంత ముద్ద చేసి ఎడమ దవడ వైపు పెట్టింది. సగం లోపలికి పోయింది, సగం పెదవి చివర నుంచి జారింది. వేలితో తీసి మళ్ళీ పెట్టింది. "మింగత్తా" అని గొంతు మీద మెల్లగా నిమిరింది. మింగేదాకా ఆగింది. ఇంకో ముద్ద. ఒకసారి పొరబోయింది. ఆదెమ్మ కళ్ళు తేలేసింది, సుజాత ఆమెని ముందుకి వంచి వీపు తట్టి, సర్దుకోగానే మూతి తుడిచి, రవిక మీద పడ్డది తుడిచి, మళ్ళీ ముద్ద చేసింది. నా చెయ్యి నొప్పెట్టి రెండో చేతికి మార్చుకున్నాను. అవతల అతను కదలకుండా చూస్తున్నాడు.

అంత చిన్న గిన్నె ఖాళీ కావడానికి అంతసేపు పడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. రోజుకి మూడుసార్లు అని మస్తాన్‌బీ గుమ్మం దగ్గర నుంచి నాకు మాత్రమే వినబడేలా అంది.

సుజాత అత్త మూతి ఆఖరిసారి తుడిచి, దిండు సర్ది, అప్పుడు ఫోన్ వైపు తిరిగింది.

"ఇప్పుడడుగు బావా. ఏం అడగాలని మనిషిని పంపావో అడుగు."

అతను తల దించుకున్నాడు. ఆమె కాసేపు చూసి, గిన్నె తీసుకుని దొడ్లోకి కడగడానికి వెళ్ళింది. అతను లైన్లోనే ఉన్నాడు.